అవ్వ తిప్పిన రాట్నం, మేము చదివిన బడి

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"మీ చిన్నప్పటి ముచ్చట్లు నాలుగు చెప్పండి, సంచికలో వేసుకుంటాం" అని కమిటీ వాళ్ళు అడిగారు. మాకు చదువు ఎనిమిదో తరగతి. సంఘం జమాఖర్చు రాయడం వచ్చు, ఉపన్యాసం చెప్పడం రాదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్తాము. తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోండి.

మేము షోలాపూరులో పుట్టాము. మా తాతలది కరీంనగర్ వైపు పల్లె. మన పద్మశాలీలు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు నుంచి ఎందుకు వచ్చారో మీలో చాలామందికి ఇంట్లో విన్నదే. అప్పుడది నిజాం రాజ్యం. వానలు లేక, నేసిన బట్ట కొనేవాడు లేక, షావుకారు అప్పు తీరక, పడమటి దిక్కు పోతే పని దొరుకుతుందని వచ్చారు. షోలాపూరులో 1877లోనే బట్టల గిర్ణీ పెట్టారు. అదే జునీ మిల్లు. ఆ తర్వాత ఇంకా గిర్ణీలు వచ్చాయి. కొందరు గిర్ణీలో చేరారు, కొందరు ఊరికి తూర్పున ఇళ్ళు కిరాయికి తీసుకొని అందులోనే గుంట తవ్వి మగ్గం దించారు. మా తాత రెండో రకం. "భోంగా మోగితే లేచుడు నాతోని కాదు, నా మగ్గం నా ఇష్టం" అనేవాడట. కానీ గిర్ణీ భోంగా మా ఇంటికి కూడా గడియారమే. పొద్దున భోంగాకు అవ్వ పొయ్యి ముట్టించేది, రాత్రి భోంగాకు బాపు మగ్గం దిగేవాడు. చేతికి గడియారం ఉన్నవాడు మా చాళ్‌లో ఒక్కడు కూడా లేడు.

మా ఇల్లు ఒక అర్ర, ముందు ఒక చిన్న వసారా. అర్రలో సగానికి పైగా మగ్గమే. మిగిలిన జాగాలో పొయ్యి, దేవుని గూడు, ఒక ట్రంకు పెట్టె, ఆరుగురు మనుషులం. నాయినమ్మ, బాపు, అవ్వ, అక్క, మేము, తమ్ముడు. రాత్రి చాప పరిస్తే మా కాళ్ళు మగ్గం కిందికి పోయేవి. పిల్లలం గుంటలో పడతామని నాయినమ్మ గుంట మీద చెక్క పలక వేసేది. పండుగకు ఇల్లు అలికేటప్పుడు మొదలు గుంట చుట్టూ అలికి, ముగ్గు వేసి, ఆ తర్వాతనే మిగతా ఇల్లు. మగ్గానికి కాలు తగిలితే కళ్ళకు అద్దుకోవాలి. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాం.

నేత అంటే మగ్గం మీద కూర్చున్న మనిషి ఒక్కడే కళ్ళకు కనబడతాడు. మా ఇంట్లో ఏం జరిగేదో చెప్తాము వినండి. నూలు చిలపలుగా వచ్చేది. వాటిని గంజి నీళ్ళలో నానబెట్టి, పిండి, ఆరేయడం అవ్వ పని. ఆరిన చిలపను చక్రానికి తొడిగి, రాట్నం తిప్పి కండెలు చుట్టడం అవ్వ, నాయినమ్మ పని. మేము బడి నుంచి రాగానే మా పని కూడా. బాపు నాడె విసురుతుంటే ఒక కండె ఎంతసేపు? నాలుగు మాటలు మాట్లాడేలోపు అయిపోతుంది. కండె అందకపోతే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే కూలి ఆగుతుంది. అందుకే అవ్వ అన్నం వండుతూ కూడా ఒక చెవి మగ్గం మీద పెట్టేది. చప్పుడు మారగానే "కండె అయిపోవచ్చింది పో" అని మమ్మల్ని ఉరికించేది.

పడుగు మారినప్పుడు పాత పోగుకు కొత్త పోగు అతకాలి. అచ్చులో నుంచి పాత పడుగు కొసలు బయట ఉంటాయి. వేళ్ళకు బూడిద అద్దుకొని ఒక్కొక్క పోగును పాతదానితో కలిపి పురి పెట్టాలి. ముడి వేస్తే అచ్చు పళ్ళలో ఇరుక్కుంటుంది, అందుకని పురే పెట్టాలి. ఇరవై పుంజాల పడుగు అనుకోండి. పుంజం అంటే 120 పోగులు. అంటే 2400 సార్లు పురి పెట్టాలి. ఆ పని అవ్వ, అక్క ఎదురెదురుగా కూర్చొని చేసేవాళ్ళు. ఒక్క పోగు తప్పితే బట్ట పొడుగునా గీత పడుతుంది. వాళ్ళు అతికిన పడుగులో బాపు గీత వెతికినా దొరికేది కాదు.

లెక్కలు మాకు బడికంటే ముందు నూలు నేర్పింది. ఒక చిలప 840 గజాలు. పౌను నూలులో ఎన్ని చిలపలుంటే అది అన్నో నంబరు నూలు. నలభై నంబరు అంటే పౌనుకు నలభై చిలపలు. పది పౌన్ల కట్టలో 400 చిలపలు. గజాల్లో లెక్క వేస్తే 3,36,000 గజాలు. ఒకసారి మా తమ్ముడు ఈ లెక్క పలక మీద వేసి "బాపూ, ఈ ఒక్క కట్ట విప్పి పరిస్తే ఎంత దూరం పోతది?" అన్నాడు. పెద్దయ్యాక కిలోమీటర్లలో వేసి చూశాము. మూడు వందల ఏడు. అంటే దాదాపు షోలాపూరు నుంచి హైదరాబాదు దాకా. అంత పొడుగు నూలు అవ్వ చేతి వేళ్ళ మధ్య నుంచి పోయింది, ఒక్క కట్టకే. అట్లాంటి కట్టలు ఆమె ఎన్ని చుట్టిందో లెక్క వేయడం మా వల్ల కాదు.

ఇక మా అక్క సంగతి. షోలాపూరులో మన ఆడవాళ్ళకు బీడీల పని ఎంత ఉండేదో అహమద్‌నగర్ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. అక్క నాలుగో తరగతి కాగానే ఒళ్ళో చాట పెట్టుకుంది. తునికాకు తడిపి, రేకు పెట్టి కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కొస ముడవాలి. ఇరవై అయిదింటికి ఒక కట్ట. రోజుకు వెయ్యి చుట్టాలని పందెం లాగా కూర్చునేది. కార్ఖానాలో లెక్క ఇచ్చేటప్పుడు బాగా లేవని కొన్ని తీసి పక్కన పడేసేవాళ్ళు. వాటికి కూలి లేదు. అక్క అవి తిరిగి ఇంటికి తెచ్చేది కాదు, ఏడ్చేది కాదు. మరునాడు ఇంకొన్ని ఎక్కువ చుట్టేది. మా పలకలు, మా ఖాకీ నిక్కర్లు, మా ఫీజు, అన్నీ ఆ చాటలో నుంచి వచ్చినవే.

అక్కకు చదువు ఆగింది కానీ అక్షరాలు పోలేదు. తెలుగు బడిలో నాలుగేళ్ళు చదివింది గదా. మా చాళ్‌లో పెద్దవాళ్ళకు చాలామందికి చదువు రాదు. ఊరి నుంచి కార్డు వస్తే అక్క దగ్గరికి తెచ్చేవాళ్ళు. ఎవరింట్లో పిల్ల పుట్టింది, ఎవరికి సంబంధం కుదిరింది, ఏ ముసలాయన పోయాడు, అన్నీ మొదలు అక్కకే తెలిసేవి. కార్డును చాట అంచుకు ఆనించి, కళ్ళు కార్డు మీద, చేతులు బీడీ మీద. చదువుతుంటే చేతులు ఆగేవి కావు. చావు కబురు కార్డు వస్తే మాత్రం కత్తెర కింద పెట్టి, చేతులు కడుక్కొని చదివేది. ఇది చూసి మాకు అక్షరం అంటే భయం కలగలేదు, గౌరవం కలిగింది.

మా బడి మునిసిపాలిటీ తెలుగు బడి. నాలుగో తరగతి వరకు. రేకుల కప్పు, రెండు గదులు. ఎండాకాలం కాలేది, వానాకాలం మోగేది. వాన గట్టిగా పడితే పంతులు గారి మాట వినిపించక ఎక్కాలు అందరం అరిచి చెప్పేవాళ్ళం. పెద్దబాలశిక్ష ఒకటి ఉంటే నలుగురం చదివేవాళ్ళం. పంతులు గారు కూడా నేతగాని కొడుకే. ఒకసారి బజారు రోజు ముందు బట్ట దించాలని బాపు మమ్మల్ని మూడు రోజులు బడి మాన్పించాడు. నాలుగో రోజు పంతులు గారు ఇంటికొచ్చారు.

"పిల్లగాణ్ణి పంపుతలేవేంది?" అన్నారు.

"కండెలెవరు చుడ్తరు సారూ? దానికి జెరమొచ్చి పడుకున్నది" అని బాపు అవ్వను చూపించాడు.

పంతులు గారు ఇంకేం అనలేదు. చొక్కా చేతులు పైకి మడిచి రాట్నం ముందు కూర్చున్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ డజను కండెలు చుట్టి గంపలో వేశారు. "ఇవి మధ్యాహ్నం దాక ఒస్తయి. అప్పటిదాక వీడు నాకు" అని మా చెయ్యి పట్టుకొని తీసుకుపోయారు. ఆ తర్వాత బాపు మమ్మల్ని బడి మాన్పించిన గుర్తు లేదు. పని ఎక్కువైతే పొరుగింటి వాళ్ళను అడిగేవాడు.

అయిదో తరగతికి మరాఠీ బడి. అక్కడ మొదటి ఆరు నెలలు నోరు తెరవలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో సగం మరాఠీ సగం కన్నడం, బడిలో పూర్తిగా మరాఠీ. కొందరు పిల్లలు మా మాటకు నవ్వేవాళ్ళు, మా పేర్లు సాగదీసి పిలిచేవాళ్ళు. కానీ మాకు లెక్కలు చెప్పిన బాయీ మంచి మనిషి. మరాఠీ బడుల్లో పావకీ, నిమకీ అని పావు ఎక్కాలు, అర ఎక్కాలు నోటికి చెప్పించేవాళ్ళు. మగ్గం కూలి లెక్క, నూలు తూకం లెక్క తెలిసిన మాకు అవి తొందరగా పట్టుబడ్డాయి. ఒకరోజు ఆమె తరగతి అందరినీ అడిగింది. పావు తక్కువ ఎనిమిది గజాలు, గజం ఇంత అంటే ఎంత? మేము లేచి చెప్పాము. "ఎట్లా చేశావు?" అంటే మరాఠీలో చెప్పడం రాక వేళ్ళతో నూలు చుట్టినట్టు చూపించాము. తరగతి అంతా నవ్వింది. బాయీ నవ్వలేదు. "హాత్ శహాణా ఆహే" అంది. చెయ్యి తెలివైనది అని అర్థం. ఆ రోజు నుంచి మాకు ఆ బడి మన బడి అయింది. ఇవాళ మరాఠీ మాకు రెండో తల్లి లాంటిది. ఆ భాష మాకు అన్నం పెట్టింది, కాదనలేము.

ఆటలు, పండుగలు చెప్పకపోతే మా వయసు వాళ్ళు ఒప్పుకోరు. సంక్రాంతికి సిద్ధేశ్వర జాతర. ఎత్తయిన నందిధ్వజాలు మోస్తూ వచ్చేవాళ్ళను చూడటానికి బాపు భుజాల మీద ఎక్కేవాళ్ళం. దసరా ముందు చాళ్ మధ్యలో బతుకమ్మ. పువ్వులకు మేము చెరువు గట్లన్నీ తిరిగేవాళ్ళం, పాటలు మాత్రం ఆడవాళ్ళవి. జంధ్యాల పౌర్ణమికి మార్కండేయ స్వామి రథం. ఆ ఊరేగింపులో బండి మీద మగ్గం పెట్టి నేస్తూ పోయేవాళ్ళు. ఇంట్లో రోజూ చూసే మగ్గమే, కానీ బండి మీద పూలమాలలతో చూస్తే అది వేరే మగ్గం లాగా ఉండేది. ఆ రోజు బాపు కొత్త ధోవతి కట్టుకొని, మమ్మల్ని ముందు నిలబెట్టి, "చూడు, మన పని దేవుని ఎదుటికి పోతున్నది" అనేవాడు. ఆదివారం పొద్దుటి ఆటకు ఎప్పుడైనా తెలుగు సినిమా వస్తే చాళ్ చాళంతా కదిలేది. మాయాబజార్ మేము ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. జొన్నరొట్టె, పల్లీల పొడి మూట కట్టుకొని పోయేవాళ్ళం.

1972లో కరువు వచ్చింది. మహారాష్ట్రలో ఆ కరువు చూసినవాళ్ళు దాన్ని మరిచిపోరు. షోలాపూరు చుట్టూ పల్లెల్లో జొన్న పండలేదు. పల్లె మనిషి చేతిలో పైసా లేకపోతే చీర ఎవరు కొంటారు? షావుకార్లు నూలు ఇవ్వడం తగ్గించారు. రేషన్‌లో విదేశీ ఎర్ర జొన్నలు, మిలో అనేవాళ్ళు, అవి ఇచ్చారు. ఆ పిండితో రొట్టె తట్టితే విరిగిపోయేది. అవ్వ దాన్ని గటక చేసి పెట్టేది. వారంలో మూడు రోజులు మగ్గం ఖాళీ. ఇంట్లో మగ్గం చప్పుడు లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఎనిమిదో తరగతి అయిందో లేదో మేము ఇంకొకరి కార్ఖానాలో కూలికి చేరాము. మమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేదు. తమ్ముడు మాత్రం చదవాలని అక్క పట్టుబట్టింది. "నా చాట ఉన్నన్ని దినాలు వాడు బడికి పోతడు" అంది. వాడు పది చదివి, ఐటీఐ చేసి, ఉద్యోగం సంపాదించాడు. అక్క పెళ్ళి రెండేళ్ళు వెనక్కి పోయింది. ఆ రెండేళ్ళ గురించి ఆమె ఇప్పటిదాకా ఒక్క మాట ఎత్తలేదు.

ఇంతవరకు చెప్పింది ముచ్చట. ఇప్పుడు ఈ సభ ముందు ఒక విషయం పెట్టాలి. దానికోసమే ఇదంతా చెప్పాము.

బీడీ పని మంచిదని ఎవరూ అనరు. అక్క దగ్గు మేము విన్నాము. కానీ బీడీ, సిగార్ కార్మికులకు 1966లో చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. వాటికోసం షోలాపూరు ఆడవాళ్ళు ఎర్రజెండాలు పట్టుకొని ఎండలో కూర్చున్నారు. అందువల్ల అక్కకు ఆమె పేరుతో ఒక కార్డు వచ్చింది. ఆమె ఫోటో, ఆమె సంతకం. ప్రావిడెంటు ఫండు కట్ అయింది. వయసు అయ్యాక పింఛను వస్తున్నది. వెయ్యి రూపాయలు, ఏం పెద్దది కాదు. కానీ నెల నెలా బ్యాంకుకు పోయి తన పేరు మీద తీసుకుంటుంది. "ఇది నా వెయ్యి" అంటుంది.

మా అవ్వ నలభై ఏళ్ళకు పైగా రాట్నం తిప్పింది. చిలపలు తడిపింది, కండెలు చుట్టింది, పోగులు అతికింది. ఆమె పేరు ఎక్కడుంది? షావుకారు పద్దులో బాపు పేరు. సంఘంలో షేరు బాపు పేరు మీద. కూలి చీటీ బాపు పేరు మీద. మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు అని రివాజు. అవ్వ చనిపోయినప్పుడు మునిసిపాలిటీ కాగితంలో వృత్తి అన్నచోట గృహిణి అని రాశారు. మన కులవృత్తిలో బతుకంతా అరగదీసిన మనిషికి మన పుస్తకాల్లో ఒక్క గీత లేదు. కంపెనీ బీడీ చుట్టిన బిడ్డకు కార్డు ఉంది, మన బట్టకు నూలు చుట్టిన తల్లికి లేదు. ఈ సంగతి మమ్మల్ని ఎన్నో రాత్రులు నిద్ర పోనివ్వలేదు.

ఇది మా ఒక్క ఇంటి మాట అనుకోకండి. 2019-20లో జరిగిన నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల పైచిలుకు చేనేత పనివాళ్ళు తేలారు. వాళ్ళలో నూటికి డెబ్భై మందికి పైగా ఆడవాళ్ళే. నూలు చుట్టేవాళ్ళను, పడుగు తోడేవాళ్ళను కూడా ఆ గణనలో చేనేత పనివాళ్ళుగానే లెక్క వేశారు. సర్కారు లెక్క వేసింది. మన సంఘాలు వేయాలి కదా.

మా సంఘంలో పోయిన సర్వసభ్య సమావేశంలో ఈ తీర్మానం పెట్టాము. కండె చుట్టే, పడుగు తోడే, అచ్చు అతికే ఆడవాళ్ళు కూడా షేరు తీసుకొని సభ్యులు కావచ్చునని, వాళ్ళ కూలి చీటీ వాళ్ళ పేరుతోనే రాయాలని. కొందరు పెద్దలు "ఇంట్లో ఇద్దరు సభ్యులెందుకు? ఓట్లు పెరుగుతయి" అన్నారు. న్యాయమైన అనుమానమే. దానికి మేము ఒక్కటే అన్నాము. "ఒక్కరోజు ఇంట్లో కండె చుట్టకుండా నేసి చూపించండి, తీర్మానం వెనక్కి తీసుకుంటాం." సభ నవ్వింది, తీర్మానం గెలిచింది. ఉపనిబంధన మార్పుకు రిజిస్ట్రారు ఆఫీసుకు కాగితాలు పంపాము. మంజూరు వచ్చేదాకా కూలి చీటీలు మాత్రం ఇప్పటినుంచే వాళ్ళ పేరుతో రాస్తున్నాము. మొదటి చీటీ తీసుకున్నామె దాన్ని ఇంట్లో దేవుని గూట్లో పెట్టిందని విన్నాము.

ఈ సమాఖ్య కింద ఉన్న సంఘాలన్నీ ఈ పని చేయాలని మా మనవి. ఇప్పుడు మగ్గాలు తగ్గాయి, నిజమే. మా షోలాపూరులో సాంచెలు వచ్చి చద్దర్లు, తువ్వాళ్ళు నేస్తున్నాయి. ఆ చద్దరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. మా చిన్నప్పుడు ఇంటింటా ఉన్న చేతిమగ్గం ఇప్పుడు వాడకు ఒకటో అరో. ఉన్నవాళ్ళు తక్కువమందే కాబట్టి పేర్లు రాయడానికి ఎక్కువ రోజులు పట్టదు. ఆలస్యం చేస్తే రాసుకోవడానికి పేర్లే ఉండవు.

రెండో మనవి అక్షరాల గురించి. మేము చదివిన తెలుగు బడిలో ఇప్పుడు పిల్లలు లేరు. తల్లిదండ్రులను తప్పు పట్టము. ఇంగ్లీషు, మరాఠీ లేకపోతే ఇక్కడ బతుకు లేదు. మా మనవలు కూడా అట్లాగే చదువుతున్నారు. వాళ్ళు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఈ సంచిక ఈసారి కాగితం మీద రాదు, ఫోనులో వస్తుందని చెప్పారు. మంచిదే, ఖర్చు తక్కువ, దూరం పోతుంది. కానీ చూడండి, ఫోను చేతిలో ఉన్న పిల్లలకు తెలుగు చదవడం రాదు, తెలుగు చదవడం వచ్చిన అక్కలాంటి వాళ్ళకు ఫోను వాడటం రాదు. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే పని అవుతుంది. ఆదివారం గంటసేపు, గుడి దగ్గరో సంఘం ఆఫీసులోనో, పెద్దవాళ్ళు అక్షరాలు నేర్పాలి, పిల్లలు ఫోను నేర్పాలి. జీతం అక్కర్లేదు, చాయ్ ఖర్చు మా సంఘం పెట్టుకుంటుంది. మా అక్క ఇప్పటికే ఒప్పుకుంది. "పలక తెచ్చుకుంటేనే చెప్త" అని షరతు పెట్టింది.

ఇంకొక చిన్న మాట. మీ ఇళ్ళల్లో అవ్వలు, నాయినమ్మలు ఉంటే వాళ్ళు ఏ నంబరు నూలు చుట్టారో, ఎన్ని పుంజాల పడుగు అతికారో, ఏ ఊరి నుంచి వచ్చారో అడిగి, ఫోనులో వాళ్ళ గొంతుతోనే పట్టి పెట్టండి. వచ్చే ఏడు సంచికలో వాళ్ళ పేరు, ఊరు, పని, మూడు ముక్కలు వేద్దాము. వృత్తి అన్నచోట నేత అని రాద్దాము.

 జై మార్కండేయ.